అందరూ ఓకే అన్నారు, నేనూ ఓకే అనేశా

ముందు ఉత్తరం. కొంచెం తగ్గించి పెడుతున్నా.

"నమస్తే అండి. నాకు 34 ఏళ్ళు, ఒకే ఆఫీసులో ఎనిమిదేళ్ళ నుంచి ఉన్నా. మా టీమ్‌లో మేనేజర్ కాక తొమ్మిది మందిమి. రెండు వారాల కింద మీటింగ్‌లో మేనేజర్ ఒక ప్రాజెక్ట్‌కి డేట్ చెప్పి, అందరికీ ఓకేనా అని వరసగా అడిగారు. ఆ డేట్‌కి అవ్వదని నాకు తెలుసు, టెస్టింగ్‌కే మూడు వారాలు కావాలి, అసలు ప్లాన్‌లో అది లేనే లేదు. కానీ ఒక్కొక్కరే ఓకే, ఓకే అంటూ వచ్చారు, నా వంతు వచ్చేసరికి నా నోట్లోంచీ ఓకే వచ్చేసింది. చివర్లో కూర్చున్న ఒకబ్బాయి, జాయినై ఆరు నెలలే అయింది, 'టెస్టింగ్ ఎప్పుడు చేస్తాం సర్, ఇది కుదరదేమో' అన్నాడు. ఎవ్వరం మాట్లాడలేదు. సరే చూద్దాంలే అని మేనేజర్ లేచిపోయారు. తర్వాత లిఫ్ట్ దగ్గర అందరూ 'వచ్చి ఆరు నెలలు కాలేదు, అప్పుడే మనకి పాఠాలు' అని అతని మీద నవ్వుకున్నారు. నేనూ నవ్వా. నవ్వడమే కాదు, నేనూ ఒక జోక్ వేశా. అదే రోజు సాయంత్రం ఇద్దరు విడివిడిగా నా దగ్గరకొచ్చి 'ఆ డేట్‌కి ఎలా అవుతుంది, నాకేం అర్థం కావట్లేదు' అన్నారు. వాళ్ళిద్దరూ మీటింగ్‌లో ఓకే అన్నవాళ్ళే, లిఫ్ట్ దగ్గర నవ్వినవాళ్ళే. అప్పట్నుంచీ నిద్ర సరిగ్గా పట్టట్లేదు. అతను చెప్పింది నిజమని తెలిసీ ఎందుకు నవ్వాను? నేను పిరికిదాన్నా, లేక మంచిదాన్ని కాదా? వచ్చే శుక్రవారం మళ్ళీ అదే మీటింగ్ ఉంది."

ముందు మీటింగ్ సంగతి మాట్లాడుకుందాం. జోక్ దగ్గరికి తర్వాత వస్తా, మర్చిపోయాననుకోకండి.

మీ మీటింగ్ లాంటిదాన్నే 1951లో ఒక ప్రొఫెసర్ కావాలని ఏర్పాటు చేసి చూశాడండి. సోలమన్ ఆష్ అని, అమెరికాలో స్వార్త్‌మోర్ కాలేజీలో సైకాలజీ చెప్పేవాడు. ఏడెనిమిది మంది కాలేజీ కుర్రాళ్ళని కూర్చోబెట్టి ఒక కార్డు మీద ఒక గీత చూపిస్తాడు, ఇంకో కార్డు మీద మూడు గీతలు, ఆ మూడిట్లో మొదటిదానితో సమానమైనది ఏదో ఒక్కొక్కళ్ళూ పైకి చెప్పాలి. అంతే, అంతకన్నా ఏం లేదు, కళ్ళున్న ఎవరైనా చెప్పేస్తారు. మెలిక ఏంటంటే వాళ్ళలో ఒక్కడే నిజంగా పరీక్షకి వచ్చినవాడు, మిగతావాళ్ళంతా ముందే మాట్లాడి పెట్టుకున్న మనుషులు. ఆ ఒక్కడి వంతు దాదాపు ఆఖర్న వచ్చేట్టు కూర్చోబెట్టారు. మొత్తం 18 సార్లు అడిగితే అందులో 12 సార్లు వీళ్ళందరూ ఏ మాత్రం నవ్వకుండా, తడబడకుండా ఒకే తప్పు జవాబు చెప్పుకుంటూ వస్తారు, ఆ తర్వాత ఇతని వంతు. కళ్ళేమో ఒకటి చెప్తున్నాయి, చెవులేమో ఇంకోటి వింటున్నాయి.

ఒంటరిగా జవాబు రాసినవాళ్ళు నూటికి ఒక తప్పు కూడా చెయ్యలేదు. గుంపులో కూర్చున్నవాళ్ళ జవాబులు చూస్తే, ఆ 12 సార్లలో సుమారు 37 శాతం గుంపుతో కలిసి చెప్పిన తప్పులే. నూటికి 75 మంది కనీసం ఒక్కసారన్నా కళ్ళ ముందున్నదాన్ని కాదని గుంపు మాటే చెప్పారు. గీత పొడవు వేరేగా చెప్తే ఉద్యోగం పోదు, ప్రమోషన్ ఆగదు, ఆ పక్కన కూర్చున్నవాళ్ళ మొహాలు మళ్ళీ చూడాల్సిన పని కూడా లేదు, అయినా చెప్పారు. మరి మీరు ఎనిమిదేళ్ళుగా రోజూ చూసే మనుషుల మధ్య, మీ జీతం గురించి రిపోర్ట్ రాసే మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఇది ఏదో ఒక దేశం జబ్బు కూడా కాదు, తర్వాత 17 దేశాల్లో ఇలాంటి ప్రయోగాలు 133 జరిగితే 1996లో ఇద్దరు పరిశోధకులు అన్నీ కలిపి లెక్కేశారు, కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ, అంతే తేడా.

ఈ ప్రయోగం చెప్పి "చూశారా, మనుషులంతా గొర్రెలు" అని తేల్చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ లెక్కనే అటు నుంచి చదవండి, దాదాపు 63 శాతం జవాబులు సరైనవే కదా, పైగా నూటికి 25 మంది ఒక్కసారి కూడా వంగలేదు. ఎక్కువమంది కొన్నిసార్లు లొంగారు, కొన్నిసార్లు నిలబడ్డారు, అదే మనిషి, అదే గది, అదే గంట. అందుకని "నేను పిరికిదాన్నా" అనే ప్రశ్నకి అవును, కాదు అని జవాబు చెప్పలేనండి, అది మనిషి గుణం గురించిన ప్రశ్న, ఇక్కడ పని చేసేది చాలావరకు పరిస్థితి. ఏ పరిస్థితిలో వంగుతున్నారో చూసుకోండి, అది మార్చుకోడానికి వీలవుతుంది, గుణాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే ఉన్న నిద్ర చెడటం తప్ప ఏం రాదు.

తర్వాత ఆ కుర్రాళ్ళని కూర్చోబెట్టి ఎందుకలా చెప్పావు అని అడిగితే రెండు రకాల జవాబులొచ్చాయి. కొందరు "అంతమంది చెప్తున్నారంటే నాకే సరిగ్గా కనపడట్లేదేమో అనుకున్నా" అన్నారు. ఇంకొందరు "తప్పని తెలుసు, కానీ నేనొక్కణ్ణే తేడాగా కనపడటం ఎందుకని" అన్నారు. మొదటిది తెలుసుకోవడం కోసం నలుగురి వైపు చూడటం, రెండోది నలుగురిలో ఉండటం కోసం తలూపడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, లోపల మాత్రం వేరు. మొదటిది అసలు తప్పే కాదు నా దృష్టిలో, తెలియని ఊళ్ళో రోడ్డు దాటేటప్పుడు మిగతావాళ్ళు ఎటు నడుస్తున్నారో చూసే అందరం నడుస్తాం, అలా చెయ్యకపోతే బతకలేం కూడా. మీది ఎక్కువగా రెండోదే అయ్యుంటుంది, మూడు వారాల లెక్క మీకు కచ్చితంగా తెలుసు కాబట్టి. అయినా ఎక్కడో "ఇంతమందికి రాని డౌట్ నాకే వచ్చిందా, నాకు తెలియనిది ఏదన్నా ఉందా" అని కూడా ఒక క్షణం అనిపించి ఉండాలి, అవునా?

ఇంకోటి. మన భాషలో లోకాన్ని "నలుగురు" అంటాం కదా, నలుగురూ ఏమనుకుంటారో, నలుగురితో నారాయణ, నలుగురిలో పరువు పోయింది. పది మంది అని కూడా అంటాం కానీ ఎక్కువ నలుగురే. ఆష్ గుంపు సైజు మార్చి మార్చి చూశాడు. ఎదురుగా ఒక్కడే తప్పు చెప్తే దాదాపు ఎవరూ చలించలేదు. ఇద్దరు చెప్తే కొంచెం. ముగ్గురయ్యేసరికి ఒత్తిడి ఎంత రావాలో అంతా వచ్చేసింది, ఆ పైన ఎంతమందిని పెంచినా పెద్దగా పెరగలేదు. అంటే ఎదురుగా ముగ్గురు, మీతో కలిపి నలుగురు. లోకం అనడానికి అంతమంది చాలు అని మనవాళ్ళకి ఎవరు చెప్పారో మరి!

ఇప్పుడు మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన చోటుకి వస్తున్నా, ఆ సాయంత్రం ఇద్దరు విడివిడిగా మీ దగ్గరకి రావడం.

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక లెక్చరర్ గంటసేపు బోర్డు నింపేసి "ఎనీ డౌట్స్" అనేవారు, నలభై మందిమి గుడ్లప్పగించి చూసేవాళ్ళం, ఎవడూ చెయ్యి ఎత్తేవాడు కాదు. నాకేమో మొదటి పది నిమిషాల తర్వాత ఒక్క ముక్క ఎక్కలేదు, కానీ చుట్టూ చూస్తే అందరూ ప్రశాంతంగా ఉన్నారు, అందరికీ అర్థమైపోయింది నేనే మొద్దుని అనుకుని నోరు మూసుకున్నా. పరీక్షలో క్లాసు క్లాసంతా తప్పాం, అప్పుడు తెలిసింది ప్రశాంతత సంగతి. 1987లో మిల్లర్, మెక్‌ఫార్లండ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు సరిగ్గా ఇదే చేసి చూశారు, అర్థం కాకుండా రాసిన ఒక వ్యాసం ఇచ్చి, డౌట్ ఉంటే వచ్చి అడగండి అన్నారు, ఎవరూ వెళ్ళలేదు. తను ఎందుకు వెళ్ళలేదో ప్రతివాళ్ళకీ తెలుసు, సిగ్గుపడి. పక్కవాళ్ళు ఎందుకు వెళ్ళలేదంటే మాత్రం, వాళ్ళకి అర్థమై ఉంటుంది అనుకున్నారు. అందరూ చేసింది ఒకటే పని, మన పనికి కారణం భయం, అదే పని పక్కవాడు చేస్తే కారణం నమ్మకం. మన లోపల మనకి కనిపిస్తుంది, ఎదుటివాళ్ళది మొహమే కనిపిస్తుంది కదా.

మీ మీటింగ్‌లో జరిగింది ఇదే. లెక్కపెట్టండి, మీరు, ఆ అబ్బాయి, సాయంత్రం వచ్చిన ఇద్దరు. తొమ్మిది మందిలో నలుగురికి ఆ డేట్ కుదరదని తెలుసు, ఇది మీకు తెలిసిన లెక్క మాత్రమే, మిగతా అయిదుగురిని ఎవరూ అడగలేదు. మీరు భయపడ్డ నలుగురు వీళ్ళే, వాళ్ళు మిమ్మల్ని చూసి భయపడ్డారు. ఇది మీకు కొంచెం కష్టంగా అనిపిస్తుందేమో గానీ చెప్పక తప్పదు, ఉత్తరం మొత్తంలో మీరు ఒత్తిడి అనేది మీ మీదకి వచ్చినట్టే రాశారు, మీ వంతు తర్వాత కూర్చున్నవాళ్ళకి ఆ ఒత్తిడిలో మీరూ ఒక భాగం. ఎనిమిదేళ్ళ సీనియర్ ఓకే అంది అంటే వాళ్ళకి అది మామూలు ఓకే కాదు.

అయినా ఆ ఓకే మీద నాకేం పెద్ద కంప్లైంట్ లేదు, వరసలో వచ్చిన మాట, ఆలోచించే టైమ్ లేదు. అసలు నష్టం జరిగింది ఆ అబ్బాయి నోరు తెరిచిన తర్వాత ఉన్న ఆ కాసేపు నిశ్శబ్దంలో. ఎందుకంటే ఆష్ చేసినవాటిల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇంకోటుంది, గుంపులో ఒకే ఒక్కణ్ణి నిజం చెప్పేవాడిగా పెట్టి చూశాడు, మిగతా అందరూ తప్పే చెప్తున్నారు. ఆ ఒక్కడు ఉన్నాడనే సరికి తప్పులు నాలుగో వంతుకి పడిపోయాయి. ఇంకా విచిత్రం, ఆ ఒక్కడు నిజం చెప్పక్కర్లేదు, గుంపుకన్నా పెద్ద తప్పు చెప్పినా సరే, గుంపు నుంచి విడిపోతే చాలు, పరీక్షకి వచ్చినవాడు ధైర్యంగా తన కళ్ళకి కనిపించిందే చెప్పాడు. గుంపు బలం ఎంతమంది ఉన్నారన్న దాంట్లో కన్నా, ఒక్కడు కూడా తేడాగా లేడన్న దాంట్లో ఉంది. మరి ఆ ఒక్కడు మీకు దొరికాడు కదా, మీ ఎదురుగానే ఉన్నాడు కదా, అయినా ఎందుకు మాట్లాడలేదు? నాకనిపించేది, అప్పటికే మీ నోటి నుంచి ఓకే అయిపోయింది. పదిమందిలో ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం, అసలు అనకుండా ఉండటం కన్నా కష్టం. ఆ అబ్బాయికి మాత్రం రెండో మనిషి దొరకలేదు.

సరే, ఇక జోక్.

దీనికి దగ్గరగా ఒక పరిశోధన ఉంది, 2009లో అమెరికాలో విల్లర్, కువబారా, మేసీ అనే ముగ్గురు సోషియాలజిస్టులు చేసింది. వైన్ రుచి చూసి మార్కులెయ్యాలి, గదిలో మిగతావాళ్ళు బాగోలేనిదాన్ని తెగ మెచ్చుకున్నారు, పరీక్షకి వచ్చినవాళ్ళలో కొందరు కూడా సరేనని మెచ్చుకున్నారు. ఒక్కడు మాత్రం నిజం చెప్పాడు. తర్వాత ఆ నిజం చెప్పినవాడికి మార్కులెయ్యమంటే, అందరి ముందు వెయ్యాల్సి వచ్చినప్పుడు, గుంపుతో తలూపినవాళ్ళు అతనికి తక్కువ వేశారు. ఎవరూ చూడకుండా వెయ్యమంటే అలా వెయ్యలేదు. అంటే ఆ తక్కువ మార్కులు అతని కోసం కాదు, చూస్తున్నవాళ్ళ కోసం. "నేను మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాను సుమా, ఏదో భయపడి కాదు" అని చూపించుకోవడానికి. మీ జోక్ కూడా అలాంటిదే అని నా అనుమానం. ఓకే అన్నందుకు లోపల ఎక్కడో గుచ్చుకుంటోంది, ఆ అబ్బాయి మాట్లాడటం వల్ల మీరు మాట్లాడకపోవడం ఇంకా స్పష్టంగా కనపడింది, అతన్ని కొంచెం చిన్న చేస్తే ఆ తేడా తగ్గుతుంది. లిఫ్ట్ దగ్గర అందరికన్నా గట్టిగా నవ్వింది ఎవరో గుర్తు తెచ్చుకోండి, ఆ సాయంత్రం మీ దగ్గరకొచ్చిన ఇద్దర్లో ఒకరు అయ్యుంటే నేనేం ఆశ్చర్యపోను.

కారణం తెలిసింది కాబట్టి తప్పు కాదు అనట్లేదు. ఓకే అనడం పరిస్థితి, జోక్ మాత్రం ఎవరూ అడగలేదు, మీరే వేశారు. మీకు నిద్ర పట్టకపోవడం నాకు సబబుగానే అనిపిస్తోంది, చెడ్డవాళ్ళకి ఇలాంటి విషయాల్లో హాయిగా పడుతుంది.

ఇప్పుడు శుక్రవారం సంగతి. ఆ అబ్బాయితో ముందే మాట్లాడండి, మీటింగ్ అయ్యాక కాదు. పెద్ద క్షమాపణల సీన్ ఏం వద్దు, "ఆ రోజు నువ్వన్నది కరెక్ట్, నాకూ తెలుసు, నోరు తెరవలేదు, సారీ" అని రెండు ముక్కలు చాలు. జోక్ సంగతి అతనికి తెలియకపోతే, మీ మనసు తేలిక చేసుకోడానికి అది అతని నెత్తిన పెట్టకండి. తెలిసి ఉంటే మాత్రం దానికీ సారీ చెప్పండి.

తర్వాత సాయంత్రం వచ్చిన ఆ ఇద్దరి దగ్గరికి వెళ్ళండి. మీ ముగ్గురూ ఎవరి మనసులో వాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు, అది ముందే బయటికి చెప్పుకుంటే ఆ గదిలో గుంపు ఆకారమే మారిపోతుంది. కుట్ర చేస్తున్నట్టు అవసరం లేదు, "శుక్రవారం నేను టెస్టింగ్ గురించి అడుగుతా, నీకు తెలిసింది నువ్వు చెప్పు" అంతే. ఇక్కడ ఒక జాగ్రత్త, ఆష్ ప్రయోగంలో తోడున్నవాడు మధ్యలో ప్లేటు ఫిరాయించి గుంపులో కలిసిపోతే, పరీక్షకి వచ్చినవాడు మళ్ళీ మొదటికే వచ్చేశాడు, తప్పులు పూర్తిగా పెరిగిపోయాయి. అదే తోడున్నవాడు ఏదో పనుందని గదిలోంచి వెళ్ళిపోతే మాత్రం, తప్పులు పెరిగినా అంతగా పెరగలేదు, అప్పటిదాకా వచ్చిన ధైర్యం కొంత మిగిలింది. కాబట్టి గట్టిగా నిలబడతారన్న నమ్మకం లేనివాళ్ళని లెక్కలో వేసుకోకండి, వాళ్ళు రాకపోయినా ఫర్వాలేదు, వచ్చి జారిపోతే కష్టం.

మీటింగ్‌కి వెళ్ళే ముందు మీరు చెప్పబోయేది కాగితం మీద రాసుకోండి. ఇది ఏదో బామ్మ చిట్కా అనుకోకండి, 1955లో డ్యూష్, జెరార్డ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఆష్ పద్ధతిలోనే చేస్తూ, మిగతావాళ్ళ జవాబు వినకముందే తమ జవాబు రాసుకోమన్నారు, అలా రాసుకున్నవాళ్ళు గుంపుకి లొంగడం బాగా తగ్గిపోయింది. వీలైతే ముందురోజే మేనేజర్‌కి మెయిల్ కూడా పెట్టేయండి, "టెస్టింగ్‌కి మూడు వారాలు పడుతుంది, ప్లాన్‌లో అది కనపడలేదు, రేపు మాట్లాడదామా సర్" అని. మెయిల్‌లో వరస ఉండదు, మీ ముందు ఒక్కొక్కరే ఓకే అనడం ఉండదు. మేనేజర్‌కి కూడా పదిమందిలో తగ్గాల్సిన ఇబ్బంది ఉండదు, నిజానికి ఆయన కూడా అందరూ ఓకే అన్నారు కాబట్టి అవుతుందనే నమ్ముతూ ఉండొచ్చు.

గదిలో వీలైనంత ముందే మాట్లాడండి, వరస మీ దాకా రానివ్వకండి. "నాకు డౌట్‌గా ఉంది" లాంటి మాటలొద్దు, "మూడు వారాల టెస్టింగ్ ఇందులో ఎక్కడ పెడదాం" అని అడగండి. వ్యతిరేకించినట్టు ఉండదు, జవాబు చెప్పకుండా తప్పించుకోవడమూ కుదరదు. అప్పుడు ఆ అబ్బాయి పేరు తీసుకోండి, "పోయినసారి తను అడిగింది ఇదే" అని. ఆ మాట నలుగురిలో అనండి, లిఫ్ట్ దగ్గర అన్నమాట కూడా నలుగురిలోనే కదా అన్నది.

ఖర్చు లేదని చెప్పను. స్టాన్లీ షాక్టర్ అనే ఇంకో సైకాలజిస్ట్ 1951లోనే చూపించాడు, గుంపులో ఒకడు వేరే మాట అంటే మొదట అందరూ వాడితోనే మాట్లాడి మార్చాలని చూస్తారు, మారకపోతే చివరికి వాడు వాళ్ళకి ఇష్టం లేనివాడు అవుతాడు. ఆ అబ్బాయికి లిఫ్ట్ దగ్గర పడింది ఆ బిల్లే. కానీ అదే మాట మీరంటే అంత పడదు. ఎనిమిదేళ్ళు టీమ్‌తో కలిసి నడిచి, పని చేసి చూపించి, సంపాదించుకున్న పరపతి ఒకటుంటుంది, అప్పుడప్పుడూ దాన్ని తీసి ఖర్చు పెట్టుకోవచ్చు. ఆరు నెలల కుర్రాడి దగ్గర అది లేదు, లేకుండానే మాట్లాడాడు. మీ మేనేజర్ కాదన్నవాళ్ళని గుర్తుపెట్టుకుని తర్వాత సతాయించే రకమైతే మాత్రం గదిలో వద్దు, మెయిల్ దగ్గరే ఆగండి, అది మీకే తెలియాలి, ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

ప్రతిదానికీ ఎదురు చెప్పాలని కూడా కాదు. మీటింగ్ సోమవారం పెట్టాలా మంగళవారమా, కుర్చీలు ఎలా వెయ్యాలి, ఇలాంటివాటికి హాయిగా గుంపులో గోవిందా అనేయండి, ఏం నష్టం లేదు, అందరూ ప్రతిదానికీ నిలబడితే ఏ పనీ జరగదు. పరపతి దాచుకోవడం కూడా అలాగే.

శుక్రవారం మీరు అడిగాక కాసేపు ఎవరూ మాట్లాడకపోవచ్చు, పోయినసారిలాగే. ఈసారి ఆ నిశ్శబ్దం అంటే ఏంటో మీకు తెలుసు. కంగారుపడి "ఏం లేదులెండి, ఊరికే అడిగా" అని మాత్రం మధ్యలో నింపేయకండి. ఏం జరిగిందో తర్వాత నాకు రాయండి, డేట్ మారకపోయినా సరే, ఆ నిశ్శబ్దం తర్వాత రెండోగా మాట్లాడింది ఎవరో తెలుసుకోవాలని ఉంది.